పంపిన ఉత్తరాలను వదిలేసిన బేరం

2013 జూన్‌లో మా కంపెనీ ఈమెయిల్‌ని పాత సర్వీసు నుంచి కొత్త సర్వీసుకు మార్చే పని నాకు అప్పగించారు. ఆ ఖర్చును సగానికి దించాను. మా చుట్టుపక్కల రెండు జిల్లాల్లో ఆ పని అంత చవగ్గా చేయించిన మేనేజరు ఇంకొకడుంటే చూపించమని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకు తిరిగాను. అంత జాగ్రత్తగా లెక్కేసి అంత తప్పు చేసినవాడు కూడా ఇంకొకడు ఉండడని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

అప్పుడు నేను భోగాపురం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో కమర్షియల్ మేనేజర్ని. హోదా పేరు బరువైనదే గాని, చేసేది కొనుగోళ్లు, రవాణా, కాగితాలు. పెరిగింది ఆమదాలవలసలో, మా నాన్న కిరాణా కొట్లో. మా ఇంటి పిల్లలకి నడకా బేరమూ ఒకేసారి వస్తాయి.

కొత్త సర్వీసు తరఫున విశాఖపట్నం నుంచి ఒక టెక్నీషియన్ వచ్చి పద్ధతి చెప్పాడు. మన చిరునామాకి వచ్చే ఉత్తరాలు ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. దాన్ని మార్చాలి. ఆ మార్పు అన్నిచోట్లకీ పాకడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎందుకైనా మంచిది, ఒక నెల రెండు సర్వీసులూ ఉంచుకోమన్నాడు. ఈలోగా పాత ఉత్తరాలన్నీ కొత్తచోటికి కాపీ చేస్తారు. దానికి రుసుము సైజును బట్టి.

కొట్టు మారేవాడెవడూ రెండు కొట్లకి అద్దె కట్టడు. అందుకని పాతదానికి వారం చాలన్నాను. ఇక సైజు సంగతి. చూస్తే బరువంతా మేం పంపిన ఉత్తరాల్లోనే ఉంది. ప్రతిదానికీ ఇన్వాయిస్సులూ ఫొటోలూ తగిలించి ఉన్నాయి. వచ్చినవి పట్టుకెళ్దాం, పంపినవి ఎందుకన్నాను. అవి అవతలివాడికి చేరిపోయాయి కదా, అమ్మేసిన సరుకు కోసం గోదాంలో వెతుకుతామా? ఆఫీసులో అందరూ తలూపారు. అక్కడ సగంమంది కొట్ల ఇళ్లవాళ్లే మరి. టెక్నీషియన్ మాత్రం “అయితే వద్దన్నట్టు రాసివ్వండి సార్” అన్నాడు. రాసి, సంతకం చేసి, ఒక కాపీ నా సొరుగులో పెట్టుకున్నాను.

ఆగస్టులో విదేశీ కొనుగోలుదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. మే నెలలో పంపిన కంటైనర్ తెరిస్తే సరుకు మెత్తబడి ఉందట. గడ్డకట్టించిన రొయ్యలు రీఫర్ అనే శీతల కంటైనర్‌లో వెళ్తాయి. ఎన్ని డిగ్రీలు పెట్టాలో రవాణా ఏజెంటుకి ముందే రాతపూర్వకంగా తెలపాలి. మీ ఉత్తరంలో డిగ్రీల మాటే లేదని ఏజెంటు అన్నాడు. ఉందని మా దగ్గరున్న కాపీతో రుజువు చూపిస్తే నష్టం అతని నెత్తిన, చూపించకపోతే మా నెత్తిన.

ఆ ఉత్తరం పంపింది నూకరత్నం, మా డాక్యుమెంటేషన్ క్లర్కు. తండ్రిది చేపల వేట, తల్లిది చేపల గంప. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదటిది ఆమెదే. ఏమాత్రం కంగారు పడలేదు. “మైనస్ ఇరవై అని నానే రాసినాను సార్. సెంట్‌లో ఉంటాది, సూడండి” అంది. పంపిన ఉత్తరాలుండే ఆ పెట్టె తెరిచి చూస్తే అందులో మొదటి ఉత్తరం జూన్ నెలాఖరుది. అంతకు ముందంతా ఖాళీ. ఒకప్పుడు ఆమె ప్రతి ఉత్తరానికీ నాకు కాపీ పెట్టేదే గాని, నా పెట్టె నిండిపోతోందని మే నెలకి ముందే దాన్నీ నేనే మాన్పించాను.

పాత సర్వీసు వాళ్లకి ఫోన్ చేశాను. ఖాతా మూసిన ముప్ఫై రోజులకి అంతా తుడిచేస్తామన్నారు. ఎంతిస్తే తిరిగి వస్తుందని అడిగాను. “లేనిదాన్ని ఎంతకమ్మమంటారు సార్?” అన్నాడు అవతలివాడు. నా జన్మలో బేరం మొదటి మాటకే ముగిసింది అప్పుడే.

యజమాని నన్ను పిలిచి, “ఇదేటి మేనేజరుగారూ, ఆ పిల్ల డిగ్రీలు రాయకుండానే రాసినానంతంది. జీతం లెక్క సూసి ఇంటికి పంపించీండి” అన్నారు. చూస్తానని బయటికొచ్చాను. వద్దని నేను రాసిచ్చిన కాగితం సొరుగులోనే ఉంది. మూడు రోజులు ఆ సొరుగు తీయలేదు. ఆ మూడు రోజులూ నూకరత్నాన్ని కంప్యూటర్ దగ్గర్నుంచి లేపి ప్యాకింగ్ హాల్లో అట్టపెట్టెలు లెక్కపెట్టమన్నారు. నాలుగోరోజు పొద్దున్న నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. “నాను తప్పు సేసుంటే తీసీండి సార్. సెయ్యలేదని మీకు తెలిస్తే ఆ మాట సెప్పండి. తెల్దంటే అదైనా సెప్పండి” అంది.

కాగితం తీసుకెళ్లి యజమాని ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, “కొట్టోడి బుర్ర” అన్నారు. ఆయన తండ్రిదీ కొట్టే గనక నేనేమీ అనుకోలేదు. నూకరత్నం మధ్యాహ్నానికల్లా తన కుర్చీలోకి వచ్చింది. ఉత్తరంలో ఆమె డిగ్రీలు రాసిందో లేదో నాకు ఈరోజుకీ రుజువుగా తెలియదు. రాసిందనే నా నమ్మకం. కాని ఏజెంటు ముందు నమ్మకం రుజువుగా చెల్లదు.

ఆ తర్వాత ఆమె పంపే ప్రతి ఉత్తరాన్నీ అచ్చుతీసి, సాయంత్రం నా సంతకం తీసుకునేది. ఎందుకని నేను అడగలేదు. నేను రిటైరయ్యేదాకా అలాగే సాగింది.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదిది: వచ్చిన ఉత్తరం ఎదుటివాడి మాటకి సాక్ష్యం, పంపిన ఉత్తరం మన మాటకి సాక్ష్యం. సర్వీసు మారేటప్పుడు రెండోదాన్ని ముందు మొయ్యాలి. పాతదాన్ని మూసేముందు, పని చేసే ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి తన పాత ఉత్తరం ఒకటి కొత్తచోట తెరిపించి చూడాలి.

ఇక బిల్లు. మిగిల్చింది పదకొండు వేల రూపాయలు. పోయింది కొనుగోలుదారుకి ఇచ్చిన తగ్గింపు, నాలుగు లక్షల పైచిలుకు. అది కంపెనీ భరించింది. నా ఇంక్రిమెంటు ఒక ఏడాది ఆగింది, అది నేను భరించాను. మూడు రోజులు నూకరత్నం భరించింది. ఆ పద్దుకి ఎదురుగా నేను జమ చేసింది ఏమీ లేదు.