కేకుల వదిన కేకలు

కోపం రాకపోతే మా వదినకి కేకు రాదు. ఆవిడంటే గిట్టక చెబుతున్న మాట కాదిది. పన్నెండేళ్ళుగా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసి, చెవులారా విని చెబుతున్నాను. ఓవెన్ వేడెక్కాలంటే పది నిమిషాలు పడుతుంది. మా వదినకి అంతసేపు అక్కర్లేదు. ఫోన్ మోగితే చాలు.

పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుందావిడ. మొదట్లో వీధిలో అందరూ కేకులావిడ అనేవాళ్ళు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ మాటలో కొమ్ము ఊడిపోయి కేకలావిడ అయింది. ఆ సంగతి తెలిసి ఆవిడ మండిపడింది. "ఎవడ్రా నన్ను కేకలావిడ అన్నది?" అని బాల్కనీలోంచి అరిచిన అరుపుతో, అంతవరకూ ఆ పేరు తెలియని పక్కవీధి వాళ్ళకి కూడా తెలిసిపోయింది.

మా అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో బల్ల ముందు కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడుతుంది. ఆయన కిందకి దిగి వెతుక్కుంటాడు. పాతికేళ్ళ కాపురంలో మా అన్నయ్య కుర్చీలో కూర్చున్న సేపు కన్నా కుర్చీ కింద గడిపిన సేపే ఎక్కువ.

ఆవిడ దగ్గర కేకు చేయించుకోవడం ఇంటర్వ్యూకి వెళ్ళడం లాంటిది. ఒకసారి ఒక బ్యాంకు క్యాషియర్ ఫోన్ చేశాడు. పాపం, కొత్త.

"మా ఆవిడ పుట్టినరోజండీ. కేజీ కేకు కావాలి."

"ఆవిడకేం ఇష్టం?"

"ఏదో ఒకటి. చాక్లెట్టు వేసెయ్యండి."

"ఏదో ఒకటేంటయ్యా? పెళ్ళై ఎన్నేళ్ళయింది?"

"పదహారు."

"పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో తింటున్నావు, ఏం ఇష్టమో తెలీదా? ఫోన్ పెట్టెయ్. వెళ్ళి కనుక్కుని అప్పుడు చెయ్!"

పావుగంట తర్వాత మళ్ళీ ఫోను. ఈసారి గొంతు బాగా తగ్గింది. "నిమ్మ వాసనంటే ఇష్టమటండీ. చాక్లెట్టు తింటే తలనొప్పట. నేను నొచ్చుకుంటానని ఇన్నేళ్ళూ చెప్పకుండా తిందట."

"ఆ తలనొప్పి చాక్లెట్టు వల్లో నీ వల్లో ముందు తేల్చుకో!" అని టక్కున పెట్టేసింది. నిమ్మకేకు మాత్రం ఎంత బావుందంటే, ఆ క్యాషియర్ మరుసటి సంవత్సరం నెల ముందే ఫోన్ చేసి, తిట్లు తిని, ఆర్డరిచ్చాడు.

ఫోనులో బొమ్మ చూపించి "ఇలాగే కావాలి" అనేవాళ్ళంటే మరీ మంట. ఒకావిడ ఏడంతస్తుల కేకు బొమ్మ చూపించింది. గోపురాలు, మెట్లు, పైన ఎగిరే పావురాలు.

"దీన్ని తింటారా, ఇందులో కాపురముంటారా?" అంది వదిన.

"చూడ్డానికి బావుంటుందని..."

"చూడ్డానికైతే గోడకి రంగేయించుకో తల్లీ! నా చేత ఎందుకు గుడ్లు పగలకొట్టిస్తావు?"

ఇక నా సంగతి. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. ఊళ్ళో సగం మందికి క్లచ్చూ బ్రేకూ నేర్పింది నేనే. అయినా కేకు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే మా వదిన దృష్టిలో నాకు బండి తోలడం రాదు. "గుంత! గుంత! గుంత చూడు!" అంటుంది. గుంత నాలుగు వీధుల అవతల ఉంటుంది. నేను నత్తలా పోతుంటే పక్కనుంచి సైకిలు మీద వెళ్ళే ముసలాయన జాలిగా చూస్తాడు. కారు నెత్తిన "నేర్చుకునేవారున్నారు, జాగ్రత్త" అన్న బోర్డు ఒకటి. నేర్చుకుంటున్నది నేనే అనుకుంటాడు.

ఇలా ఉండగా పోయిన వేసవిలో ఒక సాయంత్రం ఫర్నిచర్ షాపాయన మెట్లెక్కి వచ్చాడు. పెద్ద షాపు, పెద్ద గొంతు, పెద్ద మనిషి. కవల ఆడపిల్లలు. ఆదివారం నాటికి పద్దెనిమిది నిండుతాయి. పరీక్షా ఫలితాలు కూడా అప్పుడే వచ్చాయి.

"పెద్దది కాలేజీ ఫస్టు," అన్నాడు మీసం సవరించుకుంటూ. "చిన్నది రెండు సబ్జెక్టులు తప్పింది. కేకు మీద పెద్దదాని పేరు ఇంత లావు అక్షరాలతో, బంగారు రంగులో రాయాలి. చిన్నదాని పేరు పక్కన ఎక్కడో చిన్నగా పెట్టు."

మా వదిన చేతిలో క్రీము నింపిన కోను ఉంది. దాన్ని ఎంత గట్టిగా నొక్కిందంటే, పువ్వు రావలసిన చోట గుమ్మడికాయంత ముద్ద పడింది.

"ఏమన్నావు?"

"చిన్నగా పెట్టమన్నాను."

"ఇద్దరూ ఒకే రోజు పుట్టారా, ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా పుట్టారా?"

"ఒకే రోజే. పావుగంట తేడా."

"మరి పుట్టినరోజు కేకు అడుగుతున్నావా, మార్కుల కేకు అడుగుతున్నావా? లే! నువ్వు కూర్చుంటే నా కుర్చీ మైల పడుతుంది. ఫో బయటికి!"

ఆయన ముఖం కందగడ్డ అయింది. "ఈ ఊళ్ళో కేకులు చేసేది నువ్వొక్కదానివేనా? పిల్లలు నీ కేకే కావాలని పట్టుబట్టారు గనక వచ్చాను. ఇంకొకళ్ళ దగ్గర చేయించుకుంటాను." రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, అక్కసంతా కక్కాడు. "ఇదంతా దాని మంచికే. కేకు మీద పేరు చూసుకోవాలి. అందరి ముందూ ఇద్దరి మార్కులూ మైకులో చదువుతా, వినాలి. సిగ్గుతో చచ్చిపోతే గానీ బుద్ధి రాదు దానికి."

మా వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. అలా జరగడం నేను చూసింది అదే మొదలు. లోపల మా అన్నయ్య కూడా కంగారుపడి కంటి అద్దం తీసేసి తొంగిచూశాడు. షాపాయన కింది మలుపు దాటేదాకా చూసి, అప్పుడు అరిచింది వదిన.

"ఆగవయ్యా! చేస్తాను. నువ్వు చెప్పినట్టే చేస్తాను. కానీ నా కేకు నేనే తెచ్చి పెడతాను. కోసేదాకా అక్కడే ఉంటాను. సరేనా?"

సరేనన్నాడు. నేను తెల్లబోయాను.

ఈవిడ ఊరుకునే రకం కాదు, ఏదో తిరకాసు పెట్టి ఇద్దరి పేర్లూ సమానంగా రాసేస్తుందిలే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి కేకు మీదకి వంగి చూశాను. పెద్దపిల్ల పేరు బంగారు రంగులో, దూరం నుంచి కూడా చదవగలిగేంత లావున ఉంది. చిన్నపిల్ల పేరు కేకు అంచున, చీమలు వరసగా నిలబడ్డట్టుంది.

"ఏంటి వదినా ఇది? నిజంగానే రాసేశావా?"

"ఆర్డరు ఆర్డరే. కారు తియ్యి."

"నీకు మనసెలా ఒప్పింది?"

"కారు తియ్యమన్నాను!"

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి కొంచెం జోరుగానే పోనిచ్చాను. వెనకనుంచి ఒక్క తిట్టు కూడా రాలేదు. దాంతో ఇంకా మండింది.

పార్టీ వాళ్ళ షాపు పైన ఉన్న హాల్లో. అరవైమంది జనం. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద కేకు పెట్టాం. పెద్దపిల్ల కొత్త గౌనులో అందరి మధ్యా ఇబ్బందిగా నిలబడి ఉంది. చిన్నది గోడవారగా మంచినీళ్ళ గ్లాసుల ట్రే పట్టుకుని తిరుగుతోంది. గ్లాసు తీసుకున్న ప్రతివాళ్ళూ ఒక ప్రశ్న వేస్తున్నారు.

"నువ్వేనా తప్పింది? ఏయే సబ్జెక్టులు?"

"ఇద్దరూ ఒకే కడుపులో ఉన్నారు కదా, తెలివంతా అక్కే తాగేసిందా ఏంటి?" అన్నాడొక బాబాయి. అని, తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. పిల్ల ట్రే పట్టుకుని పక్కకి జరిగింది. అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

ఫర్నిచర్ షాపాయన మైకు పట్టుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు. "కేకు కోసే ముందు మీ అందరికీ మా పిల్లల మార్కులు చదివి వినిపిస్తాను. ఎవరు ఎలా చదివారో మీరే చెప్పాలి."

"ఈ బల్ల ఎవడు వేశాడూ?"

ఆ కేకకి మైకు అక్కర్లేదు. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. అందరూ తిరిగి చూశారు. మా వదిన రెండు చేతులతో కేకుని పట్టుకుని నిలబడింది. బల్ల నిజంగానే గజగజ ఊగుతోంది.

"ఫర్నిచర్ షాపు పెట్టుకున్నావే, నీ ఇంట్లో బల్లకి నాలుగు కాళ్ళూ సమానంగా ఉండవా? రెండు రోజులు నిలబడి చేసిన కేకు ఇది! కింద పడితే నువ్వు చేస్తావా మళ్ళీ?"

"నా బల్ల ఊగదు!" అన్నాడాయన మైకులో.

"ఊగదా? ఇదేంటి మరి, డాన్సా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇందాక హాస్యమాడిన బాబాయి ముందుకొచ్చాడు. "అన్నయ్యా, నేను చెబుదామనే అనుకుంటున్నా. నీ దగ్గర కొన్న మంచం కూడా కిర్రుకిర్రుమంటోంది."

"మా బీరువా తలుపు మూసుకోదు," అంది ఇంకొకావిడ.

"మా సోఫాలో కూర్చుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి!"

"నువ్వు తినేది తగ్గించుకో, నా సోఫానంటావేం!" అని ఆయన అటు తిరిగాడు. ఈలోగా బీరువా ఆవిడ ఇటునుంచి పట్టుకుంది. రెండు నిమిషాల్లో అది పుట్టినరోజు పార్టీ కాదు, ఫర్నిచర్ ఫిర్యాదుల సభ. సరిగ్గా అప్పుడు మా వదిన ఆయన చేతిలోంచి ఆ మార్కుల కాగితం లాక్కుంది. నాలుగు మడతలు పెట్టి, వంగి, బల్లకాలి కింద దోపింది.

"హమ్మయ్య! నిలబడింది. ఇంక కొయ్యండమ్మా ఇద్దరూ. చూస్తారేం, క్రీము కారిపోతోంది!"

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే కత్తి పట్టుకుని కోశారు. మొదటి కోత బంగారు అక్షరాల మధ్యనుంచి పోయింది. ఎవరూ చూడలేదు. అందరూ బీరువా సంగతి తేలుస్తున్నారు. బల్ల కదుల్తుందని భయం గనక మార్కుల కాగితం ఎవరూ తియ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేదు. "వదినా, పరువు తీశావు. ఒకాయన నన్ను పట్టుకుని, ఆవిడ మీకేమవుతుందని అడిగాడు. నాకెవరో తెలీదన్నాను. ఇంక నీ కేకులు నువ్వే నెత్తిన పెట్టుకుని మోసుకో. నేను రాను."

"రాకు," అంది. అంతే.

మర్నాడు నిజంగానే వెళ్ళకూడదనుకున్నాను. కానీ కారు వెనక సీట్లో ఆవిడ క్రీము కత్తి ఉండిపోయింది. అది ఇచ్చేసి వచ్చేద్దామని వెళ్ళాను. వంటింట్లో ఆ చిన్నపిల్ల ఉంది. కేకు కింద పెట్టిన అట్ట తుడిచి తెచ్చింది.

"ఆంటీ, మీకో మాట చెప్పాలి," అంది. "నిన్నటినుంచి ఒక్కళ్ళు కూడా నా మార్కులడగలేదు. ఎవరు ఫోన్ చేసినా, ఆ కేకులావిడెవరు, మీ నాన్న బల్ల బాగుచేయించాడా అనే అడుగుతున్నారు."

"బావుంది సంబడం. అట్ట అక్కడ పెట్టి వెళ్ళు."

"ఇంకో మాట. ఆ బల్ల ఊగదాంటీ. పొద్దున నేనూ అక్కా ఇద్దరం ఎక్కి గెంతాం. కదల్లేదు. నిన్న మీరు కింద నుంచి మోకాలితో కదిపారు. నేను గోడ దగ్గరనుంచి చూశాను."

నేను వదిన ముఖంలోకి చూశాను. ఆవిడ గిన్నెలోని పిండిని, అదేదో తనకి అపకారం చేసినట్టు, గరగరా తిప్పేస్తోంది.

"వదినా, నిజమా?"

"నీకు పనేం లేదా?"

"మరి పేరు అంత చిన్నగా ఎందుకు రాశావు? ఆ ఆర్డరు అసలెందుకు ఒప్పుకున్నావు?"

గరిటె విసిరికొట్టింది. "నేను చెయ్యనంటే ఇంకెవరో చేసేవాళ్ళు! వాళ్ళు కేకు పెట్టేసి నోరు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడక్కడ అరిచేదెవరు, నువ్వా? బోడి అక్షరాలు! అరగంటలో కడుపులోకి పోతాయి. మైకులో చెప్పింది పోతుందా?" అంతలోనే పిల్ల మీదకి తిరిగింది. "నువ్వేం నవ్వుతున్నావు? నీకోసం చేశాననుకుంటున్నావేమో! తప్పావు కదా, సిగ్గులేదూ? మళ్ళీ పరీక్షెప్పుడు?"

"వచ్చే నెల ఆంటీ."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? వెళ్ళి చదువుకో! ఆ డబ్బాలో బిస్కెట్లు తీసుకో. మీ అక్కకీ పట్టుకెళ్ళు. మీ నాన్నకి ఒక్కటి కూడా పెట్టావంటే చూడు!"

పిల్ల డబ్బా చంకన పెట్టుకుంది. ఆవిణ్ణి ఒక్కసారి గట్టిగా వాటేసుకుని పరిగెత్తింది. మా వదిన వెనకాలే గుమ్మందాకా వచ్చింది. అప్పుడు చూశాను, కుంటుతోంది. మోకాలు వాచి మారేడుకాయంత అయింది.

"ఏమైంది వదినా మోకాలికి?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఓవెన్ తలుపు తగిలింది! నీకెందుకు?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ముందుగదిలో కుర్చీ కిందనుంచి మా అన్నయ్య నవ్వు కూడా వినిపించింది. ఆవిడ మమ్మల్నిద్దర్నీ వదిలేసి, రెయిలింగు పట్టుకుని కిందకి వంగి, వీధంతా దద్దరిల్లేలా అరిచింది.

"మెట్లు చూసుకుని దిగవే! పడ్డావంటే చంపేస్తాను!"