పెదనాన్న పేరు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నన్ను పెంచింది పెద్దమ్మ. అమ్మ పోయాక పెందుర్తిలో వాళ్ళింట్లోనే పెరిగాను. పెదనాన్న పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆ కాలనీలో భర్తను పేరు పెట్టి పిలిచే ఆడమనిషి మా పెద్దమ్మ ఒక్కతే. ఆయన సంచీ పట్టుకుని వీధిలోకి వెళ్తుంటే మేడ మీంచి, "సూరిబాబూ, పాలపేకెట్టు మర్సిపోకు!" అని కేకేసేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన మురిసిపోయేవాడు.

చదువయ్యాక నేనొక సర్వేలో చేరాను. పెద్ద వయసువాళ్ళ ఇళ్లకు వెళ్లి బీపీ చూడాలి, జ్ఞాపకశక్తి ఎలా ఉందో తెలుసుకునే ప్రశ్నలు అడగాలి. మెదడులో వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాలుంటాయి. బీపీ అదుపు తప్పితే అవి లోలోపలే పాడవుతాయి. పైకి ఏమీ కనిపించదు, మనిషి మాత్రం కొద్దికొద్దిగా మరిచిపోతుంటాడు. జవాబులు తడబడినవాళ్ళను స్కాన్‌కు, డాక్టరు దగ్గరకు పంపడం మా పని.

పెందుర్తి వంతు వచ్చింది. సొంతవాళ్ళను నేను అడగకూడదు. కానీ పెద్దమ్మ "మా పిల్లే అడగాల" అని పట్టుబట్టింది. బీపీ ఎక్కువగానే ఉంది. "మాత్తర్లు ఏసుకుంతన్నాను" అంది. గుర్తుంచుకోమని చెప్పిన మాటలు సగం మరిచిపోయింది. కంగారులే అనుకున్నాను. ఇంకొక్కటి తప్పితే డాక్టరు దగ్గరకు పంపించాలి. చివరికి, మీ ఆయన పేరేమిటని అడిగాను. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుంటూ నేనే నవ్వాను.

పెద్దమ్మ నోరు తెరిచింది. మూసింది. పక్కనే కూర్చున్న పెదనాన్న వంక చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ, మొగుడి పేరు ఎవులైనా సెప్తారేటే?"

పెదనాన్న పగలబడి నవ్వాడు. "సూసావా అమ్మా! ఇన్నాల్లకి మీ పెద్దమ్మకి సిగ్గొచ్చింది!"

ఆయనకు తెలియలేదు. నాకు తెలిసింది. కొంగు పైనున్న ఆ కళ్ళలో సిగ్గు లేదు, భయం ఉంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నన్ను పట్టివ్వకే అన్నట్టు. మొగుడి పేరు పలకని ముసలమ్మలను అప్పటికి చాలామందిని చూశాను. అలాంటివాళ్ళకు ఆ ప్రశ్న వదిలేయడం మాకు మామూలే. పెద్దమ్మకూ వదిలేశాను. కాలనీ అంతా వినేలా ఆ పేరు పిలిచిన మనిషికి!

ఎందుకు వదిలేశాను? జాలితోనా? ఆవిడ పరువు కోసమా? లేక నన్ను పెంచిన మనిషి ఒకరోజు నన్ను కూడా మరిచిపోతుందన్న సంగతి తెలుసుకునే ధైర్యం లేకనా? నా భయమే అసలు కారణమని ఇప్పుడనిపిస్తుంది. పోనీ, మర్నాడైనా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళొచ్చు కదా. రేపు, వచ్చే వారం అనుకుంటూ గడిపేశాను. మాత్రలు వేసుకోవడం కూడా ఆవిడ మరిచిపోతోందని పక్షవాతం వచ్చాకే తెలిసింది. ముందే తీసుకొచ్చుంటే ఈ జబ్బు ఆగేదా అని డాక్టర్ని అడిగాను. "ఆగకపోయినా, కొంత నెమ్మదించేదేమో" అన్నాడు. ఆ 'ఏమో' నన్ను నిద్రపోనివ్వదు.

ఇప్పుడు పెద్దమ్మకు మాట లేదు. పెదనాన్నే అన్నం కలిపి తినిపిస్తాడు. ఎవరు చూడటానికి వచ్చినా ఆయన చెప్పేది ఒకటే. "ఆ రోజు సూడాల మీరు! నా పేరు సెప్పడానికి కొత్త పెల్లికూతుర్లాగ కొంగడ్డెట్టేసుకుంది!" చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతుంది. పక్కన కూర్చుని నేనూ నవ్వుతాను.

మొన్న ఆయనకు అంతా చెప్పేయాలనే వెళ్ళాను. ముద్ద చేత్తో పట్టుకుని పెద్దమ్మను బుజ్జగిస్తున్నాడు. "నానెవుల్ని? సెప్పు. ఇంకా సిగ్గేటే?" ఆవిడ నోరు తెరిచింది, ముద్ద కోసం.

చెప్పలేకపోయాను. ఆయనకు మిగిలింది ఆ సిగ్గొక్కటే. అది సిగ్గు కాదని మీకు చెప్పాను.