ఆపా గోడకు అతికించిన కాగితాలు

మా చిన్నప్పుడు... ఆదోని పత్తి మిల్లులో కంప్యూటర్ గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడిచి, బట్టలకంటిన దూది దులుపుకోవాలి. మా ఆపా, అంటే మా అక్క, అక్కడ టైపిస్టు. అన్నం క్యారియర్ ఇచ్చే వంకతో నేనూ దూరిపోయేదాన్ని. ఎనభైల చివరి మాట ఇది.

లోపల రెండు కంప్యూటర్లు. లెక్కల ప్రోగ్రాం ఒకటే... కానీ పాత మిషన్‌ను నడిపేది డాస్, కొత్తదాన్ని నడిపేది యునిక్స్. ఒకదాని పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. ఏటా పత్తి సీజన్‌కు ముందు రెండింట్లోనూ ప్రోగ్రాం కొత్తగా ఎక్కించాలి. దానికి బెంగళూరు నుంచి ఇంజినీరు దిగాలి.

ఆయన ఎక్కిస్తుంటే ఆపా పక్కనే నిలబడి చూసి, మిషన్‌కొక కాగితం రాసి గోడకు అతికించింది. తెలుగులో! ఏ ఫ్లాపీ ముందు పెట్టాలి, ఏ అక్షరాలు కొట్టాలి, తెర మీద ఏమొస్తే ఆగాలి... అన్నీ. కంప్యూటర్‌కు తెలుగొస్తుందా అని ఇంజినీరు నవ్వాడు.

"కంప్యూటర్‌కు కాదు సార్, మాకు రాసుకుంటాండాను," అంది ఆపా.

ఆయనకు చుర్రుమంది. అవి గోడకుంటే మిషన్లకు తన పూచీ లేదన్నాడు. మిల్లు యజమాని సేటు భయపడి, పీకేయ్, లేకుంటే పనికి రావద్దన్నాడు. ఆ ఉద్యోగం కోసం ఆపా మా అబ్బాతో, అంటే నాన్నతో, ఎంత పోట్లాడిందో నాకు తెలుసు. నాకైతే ఏడుపొచ్చింది. ఆపా మాత్రం కాగితాలు పీకి, మడిచి, తాను తీసుకున్న ఫ్లాపీల నకళ్ళతోపాటు బీరువాలో పెట్టింది.

మరుసటేడు దసరా, ఆయుధపూజ. కాటాకు, టైప్‌రైటర్‌కు పెట్టినట్టే ఫ్లాపీలకూ తడి కుంకుమ బొట్లు పెట్టేశారు... భక్తి ఎక్కువై, సరిగ్గా ప్రోగ్రాం ఉండే లోపలి రేకు కనిపించే చోట! ఒక్కటీ పనిచేయలేదు. ఇంజినీరేమో పండగ సెలవుల్లో ఉన్నాడు. గేటు బయట పత్తి బండ్లు బారు తీరాయి. సేటు ఆపా దగ్గరికే వచ్చి, నువ్వు ఎక్కిస్తావా తల్లీ అన్నాడు.

"కాగితాలు గోడకుంటేనే ఎక్కిస్తాను సేట్."

సేటు ఒప్పుకోక ఏం చేస్తాడు? బీరువాలోంచి ఆ నకళ్ళు తీసి, పాత మిషన్‌లో ఆపా ఎక్కించింది. కొత్తదాన్ని ముట్టలేదు. దాని ముందు గుమాస్తా రంగప్పన్నను కూర్చోబెట్టి, కాగితం చూసి చేయమంది. కీబోర్డు ఎన్నడూ తాకని ఆ మనిషి, చెమటలు తుడుచుకుంటూ, వరుస వరుసా వేలుపెట్టి చదువుకుంటూ ఎక్కించేశాడు. నాకు ఎంత గర్వమో!

సెలవులయ్యాక ఇంజినీరు వచ్చి గోడను చూశాడు. తర్వాత సేటును చూశాడు. సేటు కిటికీలోంచి పత్తి బండ్లను చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడన్నీ చేతిలోని ఫోన్‌లోకే ఎక్కుతున్నాయి... అర్థంకాని భాషలో బారెడు రాసి, కింద ఒప్పుకున్నానని నొక్కమంటారు. నొక్కేస్తున్నాం. నేను మాత్రం మా ఇంట్లో ఎవరిది ఏ ఫోనైతే దానికి తగ్గట్టు, తెలుగులోనే రాసిస్తున్నాను. చాదస్తం అంటారా, అనండి.

మనకు తెలియకపోతేనే మేలనుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మనకోసం కూర్చుని రాసేవాళ్ళే తగ్గిపోయారు... మీ ఇంట్లో అలాంటి మొండిమనిషి ఒకరుంటే, కింద వాళ్ళ గురించి రాయండి.