ఎదురు దుకాణంలో నా నిలువెత్తు బంగారం

పోటీదారులు ఒక దుకాణాన్ని ముంచడం మీరు చూసే ఉంటారు. పోటీదారుడి చేతికి తడి అంటకుండా మేనేజరే సొంత దుకాణాన్ని ముంచి, ముంచుతూ ఫొటోలు తీసి, వాటిని హైదరాబాదుకు పంపడం మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. వినేటప్పుడు మధ్యలో జాలి కలిగితే కాస్త ఆపుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

అప్పుడు నేను మందమర్రిలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ దుకాణానికి కొత్త మేనేజరును. మార్కెటింగ్ చదువు ఇంకా వంటి మీద ఆరలేదు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, నోట్లో ఇంగ్లిషు. రోడ్డుకు అటువైపు మరో పెద్ద కంపెనీ దుకాణం ఉండేది. దాని మేనేజరు సదానందం ఎప్పుడు చూసినా గుమ్మంలో కుర్చీ వేసుకుని, "మంచిగున్నవా అక్కా, పిల్లలు మంచిగున్నరా" అని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ ఉండేవాడు. దాన్ని మార్కెటింగ్ అంటారని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు కాబట్టి నేను అతణ్ణి లెక్కలోకి తీసుకోలేదు.

మా ఇద్దరి యుద్ధం గురించి చెప్పాలంటే, నేను పప్పు కొంటే సబ్బు ఉచితం అనేవాణ్ణి, అతను సబ్బు కొంటే పప్పు ఉచితం అనేవాడు. నేను బకెట్ ఇస్తే అతను మగ్గు కూడా కలిపేవాడు. ఇద్దరం కలిసి బొగ్గుబాయి కాలనీల్లో బకెట్ లేని ఇల్లు లేకుండా చేశాం. ప్రజాసేవ అంటే అదే కదా.

ఇలా ఉండగా సమ్మక్క జాతర దగ్గరపడింది. హైదరాబాదు నుంచి మా పెద్దసారు ఫోన్ చేశాడు.

"ఈ జాతర సీజన్లో ఎదురు దుకాణాన్ని దాటితే నీకు కరీంనగర్ స్టోరు ఇస్తాను. దాటకపోతే మందమర్రి స్టోరు ఉంటుందో లేదో తెలియదు, నువ్వు మాత్రం ఉండవు."

కరీంనగర్ అంటే మా ఇల్లు. నన్ను కన్న అవ్వ చేతి అన్నం. మెస్సులో నీళ్ల చారు తాగి తాగి నాలుక చచ్చిపోయి ఉంది నాకు. నిజంగానే ఆశపడ్డాను. వెంటనే రెండు చేతులూ జోడించి, "సమ్మక్క తల్లీ, అమ్మకాలల్ల నన్ను అందరికంటె ముందట నిలవెట్టు, నా నిలువెత్తు బంగారం పెడ్త" అని మొక్కుకున్నాను.

ఇక్కడ బంగారం అంటే బెల్లం. మొక్కుకున్నవాళ్లు కాంటా మీద కూర్చుని, తమ బరువుకు సరిపడా బెల్లం జోకించి తల్లులకు సమర్పిస్తారు. అది చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మొక్కుకుంటూ ఉండగానే నా బుర్ర వెలిగింది. అది వెలగకుండా ఉంటే ఈపాటికి నేను కరీంనగర్‌లో ఉండేవాణ్ణి.

గుమ్మంలో పెద్ద కాంటా పెట్టించాను. పైన ఎర్ర అంకెల బోర్డు. మీరు ఎక్కండి, మీ బరువు బెల్లం సగం ధరకే తీసుకెళ్లండి అని బ్యానరు. ప్రతి బెల్లం పాకెట్టు మీదా నేనే రాసిన స్టిక్కరు: "మా కంటే తక్కువకు ఎవరిస్తారు?"

మా క్యాషియర్ స్వరూప బ్యానరు చదివి నా వైపు తిరిగింది. "సార్, గింత తక్కువకిస్తే మనకేం మిగుల్తది?"

"బెల్లంల ఏం మిగలదు స్వరూపా. బెల్లానికి వచ్చినోళ్లు పప్పు కొనరా, నూనె కొనరా? గా మిగిలేదంత అండ్ల మిగుల్తది. దీన్ని లాస్ లీడర్ అంటరు."

"లాస్ అయితే కనవడ్తుంది సార్. లీడర్ ఎవరు?"

"నేనే," అన్నాను గర్వంగా.

తెల్లారేసరికి జనం రోడ్డు దాకా నిలబడ్డారు. మొదట రాజవ్వ అనే పెద్దావిడ కాంటా ఎక్కింది. బోర్డు మీద ఎర్రగా వెలిగిన అంకె చూసి వరసలో ఉన్నవాళ్లంతా ముసిముసిగా నవ్వారు. రాజవ్వ కిందికి దిగి నా దగ్గరికి వచ్చింది.

"ఏం కొడుకా, నా బరువు మంచిర్యాల దాక కనవడాల్నా?"

బోర్డు మీద తువ్వాలు కప్పించాను. గిరాకీ మరింత పెరిగింది. నేను సెల్లు తీసి ఫొటోల మీద ఫొటోలు కొట్టి పెద్దసారుకు పంపుతున్నాను. ఒక్కటే లోటు. పప్పు, నూనె అరల వైపు ఎవరూ కన్నెత్తి చూడడం లేదు. బెల్లం మోసుకుపోతున్న ఒకాయనను ఆపాను.

"అన్నా, నూనె మీద గూడ ఆఫర్ ఉన్నది."

"రెండు భుజాల మీద బెల్లమే ఉన్నదే. నూనె పాకిటు నోట్ల కరుసుకొని పోవాల్నా?"

మనిషంత బరువు మోసేవాడికి మూడో చెయ్యి ఉండదన్న సంగతి నా చదువులో చెప్పలేదు. పైగా మా దుకాణం ముందు మురుగునీటి మోరీ కోసం రోడ్డు తవ్వి పెట్టారు. కాబట్టి ఆటోలన్నీ సదానందం గుమ్మం ముందే ఆగేవి. అతను అక్కడ టెంటు వేయించి, కుర్చీలు వేసి, చల్ల పోయిస్తున్నాడు. మా బెల్లం అతని టెంటు కింద దించి, చల్ల తాగి, ఊరికే ఉండడం ఎందుకని లోపలికి వెళ్లి కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, పప్పు, నూనె కొనుక్కుని ఆటో ఎక్కేవాళ్లు.

సదానందం అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు. "సార్, మీ ఆఫర్ శాన మంచిగున్నది. రేపు జర జల్ది తెరువుండ్రి."

అసూయతో అంటున్నాడనుకున్నాను.

ఆ తర్వాత కొత్త రకం భక్తులు మొదలయ్యారు. అందరూ దిట్టమైన మనుషులు. ఒక్కొక్కరు ఎక్కితే కాంటా మూలిగేది. భుజాల మీదుగా తువ్వాలు కప్పుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టేవాళ్లు. అంత భక్తి నేనెక్కడా చూడలేదు. ప్రత్యేకంగా వాళ్లతో నిలబడి ఫొటోలు దిగాను. వాళ్ల పుణ్యమా అని మా బెల్లం నిల్వ పూర్తిగా ఖాళీ అయింది.

పెద్దసారు ఫోన్ చేశాడు. "మన స్టోర్లన్నిట్లో నీ బెల్లమే ఎక్కువ పోయింది."

"థాంక్యూ సార్. కరీంనగర్‌కు ఎప్పుడు రమ్మంటారు?"

"ఆగు. ఫొటోల్లో ఆ లావుపాటివాళ్లు ఎవరు?"

"భక్తులు సార్."

"భక్తులందరూ తువ్వాళ్ల కింద ఒకటే ఆకుపచ్చ చొక్కా ఎందుకు వేసుకున్నారు? జేబుల మీద ఎదురు దుకాణం పేరెందుకు ఉంది?"

బయటికి పరుగెత్తి చూశాను. ఎదురు దుకాణంలో ఆ భక్తులే తువ్వాళ్లు తీసేసి, మా బెల్లాన్ని గోపురంలా పేరుస్తున్నారు. స్టిక్కర్లు కూడా తియ్యలేదు.

"సార్, నా మాట వినండి..."

"కరీంనగర్ దాటాక హుజూరాబాద్ వస్తుంది. అక్కడ మన గోదాం ఉంది. మధ్యలో ఎక్కడా బస్సు దిగకుండా నేరుగా అక్కడికి వెళ్లిపో."

అవ్వకు ఫోన్ చేశాను. అన్నీ విన్నది. ఓదారుస్తుందనుకున్నాను.

"బెల్లం అందరికంటె ఎక్కువ అమ్మింది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"మొక్కేటప్పుడు లాభం అన్నవా, అమ్మకం అన్నవా?"

"అమ్మకమే అన్న."

"మరి ఇంకేంది కొడుకా. తల్లి నీ మాట విన్నది. మొక్కు చెల్లిచ్చినంకనే హుజూరాబాద్ పో."

మా దుకాణంలో పానకానికి కూడా బెల్లం మిగల్లేదు. ఊళ్లో బెల్లం ఉన్నది ఒకే ఒక్క చోట. తల వంచుకుని రోడ్డు దాటాను. సదానందం లేచి, చల్ల తెప్పించి, మర్యాదగా కాంటా చూపించాడు.

"చెప్పులిడ్శి ఎక్కుండ్రి సార్. జేబుల ఉన్న ఫోను గూడ తియ్యుండ్రి. తల్లి ముందట తూకం సరిగుండాలె."

సీజనంతా మెస్సు తిండి మానేసి బెల్లం నములుతూ బతికినవాణ్ణి. ఆ నమిలిందంతా కాంటా మీద కనిపించింది. అతను చెప్పిన ధర పూర్తి ధర.

"సదానందం అన్నా, నా బెల్లమే గదనే. జర తగ్గియ్యరాదు?"

అతను ఒక పాకెట్టు తీసి, స్టిక్కరు నా ముఖానికి ఎదురుగా పెట్టాడు.

"'మా కంటే తక్కువకు ఎవరిస్తారు?' అని మీరే రాసిన్రు గద సార్. నేను గూడ గదే అడుగుతున్న."

పూర్తి ధరే ఇచ్చాను. ఒక్క సుఖం, ఆటో ఎదురుగానే ఉంది.

కాబట్టి సమ్మక్క సారలమ్మల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి వ్యాపారాన్నైనా దెబ్బతీయాలనిపిస్తే, ముందు ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయో చూసి వస్తాను. ఏ తల్లికి మొక్కినా ఒక్క కొబ్బరికాయతో సరిపెడతాను. ఆ కాయ కూడా మొక్కకముందే కొని ఇంట్లో పెట్టుకుంటాను.