నారేప బెడ్డు

నాకు నోరెక్కువ. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ నోటిని అదుపులో పెట్టగలిగింది మా ఆయనొక్కడే. అదీ ఎదురు చెప్పి కాదు, నవ్వి.

ఒంగోలు నుంచి పడమటికి పోతే, మిరప చేలు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఫారెస్టు వాళ్ల నర్సరీ ఉంది. మేమిద్దరం అందులోనే పని చేసేవాళ్లం. కవర్లలో మట్టి నింపడం, విత్తనం పెట్టడం, కలుపు తియ్యడం, నీళ్లు పట్టడం. కానుగ, వేప, ఉసిరి ఎవరైనా పెంచుతారు. మా ఆయనకి మాత్రం నారేప పిచ్చి. ఒకప్పుడు మా కొండంతా ఆ చెట్లేనట. ఇప్పుడు వెతుక్కుంటే తప్ప కనపడవు. పైగా అది ఏటా కాయదు. ఒక ఏడు కాసిందంటే, ఆ తర్వాత కొన్నేళ్లు మొహం చాటేస్తుంది. అది కాసిన ఎండాకాలం, ఒంట్లో బాగాలేకపోయినా ఆయన కొండెక్కి, రాలిన కాయలు సంచీలో ఏరుకొచ్చి కవర్లలో పెట్టి ఒక బెడ్డు నిండా పేర్చాడు.

మొలకలొచ్చాయి. జానెడు లేచి అక్కడే ఆగిపోయాయి.

"ఇవేం మొక్కలయ్యా, నీకు మల్లే బద్ధకం!" అన్నాను.

"పైకి కనపడదే. దానికి ముందు వేరు దిగాల. అది దిగిందాకా ఆకు జోలికి రాదు," అని నవ్వాడు. "వచ్చే వానలకి వీటిని కొండ మీద నాటించి, అప్పుడు పోతాను."

ఆ మాటకి బాగా తిట్టాను. కిడ్నీలు రెండూ పాడయ్యాయని మాకు అప్పటికే తెలుసు.

గుంటూరు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు బెడ్డుని మా మరిదికి అప్పజెప్పాం. అతను మిరప రైతు. అన్నంటే ప్రాణం. రోజూ చేలోకి పోయే ముందు నర్సరీకి వెళ్లి మా కవర్లు తడిపేవాడు. మంచం మీద నుంచి ఈయన ఫోన్లో ఒకటే అడిగేవాడు.

"ఎట్టుండయ్ రా?"

"బాగుండయ్ అన్నా."

ఆ ముక్క వింటేగాని అన్నం ముద్ద నోట్లో పెట్టేవాడు కాదు.

ఒకరోజు మరిది గొంతు మంచి హుషారుగా ఉంది. "అన్నా, ఆకులు నల్లగా నిగనిగలాడతన్నయ్. ఏపుగా లేస్తన్నయ్. నువ్వొచ్చేతలికి మోకాలెత్తుంటయ్, చూడు!"

"మంచిది రా," అన్నాడు ఈయన. ఫోను నా చేతికిచ్చి గోడవైపు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు.

"యూరియా వేశాడే."

మా వైపు అంతే. మిరప నారు కాస్త వెనకబడితే చాలు, గుప్పెడు యూరియా. ప్రేమ ఎక్కువైతే ఇంకో గుప్పెడు. చిన్న కవర్లో అంత ఎరువు పడితే లేత వేరు మాడిపోతుంది. తిట్లన్నీ నోటిదాకా వచ్చి మళ్లీ ఫోను నొక్కబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దు. నా కోసమే వేశాడు. వాడికి ఎప్పటికీ చెప్పమాక."

ఆ తర్వాత మళ్లీ మొక్కల ఊసెత్తలేదు. ఫోను మోగితే, "నువ్వే మాట్లాడు," అనేవాడు. కొద్దిరోజులకే పోయాడు.

దినాలయ్యాక నర్సరీకి వెళ్లాను. బెడ్డంతా ఎండిపోయింది. మా మరిది పైపు పట్టుకుని ఆ ఎండు పుల్లలకే నీళ్లు పడుతున్నాడు. ఒక కవరు చించి చూశాను. అంత చిన్న మొక్కకి మూరెడు వేరు, కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. ఆయన చెప్పినట్టే దిగింది. దిగాక నల్లగా మాడిపోయింది.

"యూరియా కూడా వేశా వదినా. ఏ లోపం చెయ్యలా. ఎందుకు పోయినయ్యో తెలవటంలా," అన్నాడు.

నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను.

"ఎండలకి పోయుంటాయిలే."

"పోయే ముందు అన్న వీటిని అడిగాడా?"

"అడిగాడు. బాగుండయ్ అని నువ్వు చెప్పావుగా. ఆ సంతోషంతోనే పోయాడు."

అతను పైపు వదిలేసి కూలబడి ఏడ్చాడు. నేనూ ఆ తడిమట్టిలోనే కూర్చుని ఏడ్చాను. "ఊరుకో వదినా, అన్న చూసుకునే పోయినట్టు లెక్క," అంటున్నాడు. నిజమే, ఆయన అన్నీ చూసుకునే పోయాడు. అది నాకొక్కదానికే తెలుసు.