ఎనిమిదో గుండీ

మా మరిదిని వీధిలో అందరూ టేపు అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా అతన్ని చూసినవాళ్ళు తక్కువ. నిద్రలో కూడా తియ్యడని మా ఆయన వేళాకోళం చేస్తాడు, అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. మాది మగవాళ్ళ బట్టలు కుట్టే షాపు. మా ఆయన మిషను ముందు కూర్చుంటాడు, నేను కౌంటరు దగ్గర కూర్చుంటాను, మరిది కటింగ్ మాస్టరు కాబట్టి బల్ల దగ్గర నిలబడతాడు. నిలబడటమే ఉద్యోగమైపోయి, ఇంటికొచ్చాక కూడా కూర్చోవడం మర్చిపోయాడు. అన్నం కూడా కిటికీ దగ్గర నిలబడి తింటాడు. నలభై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు.

కాలేదంటే ఎవరూ పట్టించుకోలేదని కాదు. ఒకసారి నేనే దగ్గరుండి ఒక సంబంధానికి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి మంచినీళ్ళిస్తుంటే, ఏదో ఒకటి మాట్లాడవయ్యా అని మోచేత్తో పొడిచాను. మావాడు ఆమెను తేరిపార చూసి, "మీ ఎడమ భుజం కొంచెం కిందికి ఉందండీ. లోపల దూది పెడితే కనపడదు," అన్నాడు. అతని లెక్కలో అది మర్యాద. షాపుకొచ్చే గిరాకీలకి రోజూ చెప్పే మాటే. ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. ఏదో తప్పు జరిగిందని గ్రహించి, చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నేనొక్కదాన్నే వాళ్ళింట్లో టీ తాగి, పదిసార్లు క్షమించమని అడిగి బయటపడ్డాను. ఆ తర్వాత ఇంకెక్కడికీ రానన్నాడు.

మేడ మీద అతని గదిలో ఒక మంచం, ఒక ఇస్త్రీ బల్ల, తాడు మీద వరుసగా తనే కుట్టుకున్న చొక్కాలు. ఎక్కడా ఒక ముడత ఉండదు, ఒక దారప్పోగు వేలాడదు. సెలవురోజు వస్తే చూడాలి అతని అవస్థ. పొద్దున్నే తయారై వీధి చివరిదాకా నడుస్తాడు, ఎక్కడికెళ్ళాలో తోచక తిరిగొస్తాడు. కాసేపటికి షట్టరు సగం ఎత్తి, లోపల ఒక్కడే కత్తెర నూరుకుంటూ ఉంటాడు.

అలాంటి మనిషిని ఆ షో పట్టుకుంది. రాత్రి ఎనిమిదింటికి టీవీలో వచ్చేది. ఒక పెద్ద బంగళా, అందులో ఒక బ్రహ్మచారి, అతన్ని చేసుకుందామని వచ్చిన పన్నెండు మంది అమ్మాయిలు. వారమంతా ఈతలు, పడవలు, కబుర్లు, కన్నీళ్ళు. వారం చివర పొడుగాటి బల్ల ముందు అందరూ నిలబడతారు. బ్రహ్మచారి ఒక్కొక్క కుర్చీ వెనక్కి లాగి ఒక్కొక్కరినీ పిలుస్తాడు. ఎవరికి కుర్చీ లాగలేదో ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని వెళ్ళిపోవాలి. మొదటిసారి చూసినప్పుడు నాకు చిరాకేసింది. రెండోసారి చూస్తుంటే పొయ్యి మీద అన్నం మాడింది.

ఎందుకు చూస్తున్నామా అని నేనూ ఆలోచించాను. ఆ ఇంట్లో ఎవరికీ గిన్నెలు తోమే పని లేదు, నీళ్ళ మోటారు పాడవదు, పొద్దున్నే లేచి షట్టరు ఎత్తక్కర్లేదు. ప్రేమించడం ఒక్కటే పని. మా మరిదికి అందులో ఇంకోటి కనపడిందని నా అనుమానం. అక్కడ మగవాడు కాదనే మాట వినక్కర్లేదు. కాదనేది ఎప్పుడూ అతనే. ఒక్క కాదుకి జడిసి ఇన్నేళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నవాడికి అది చూడ్డానికి ఎంత హాయి. పోనీ హాయిగా చూసేవాడా అంటే అదీ లేదు. సోఫా వెనక కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ చూసేవాడు. ప్రకటనలొస్తే మేడమెట్లు ఎక్కి దిగేవాడు.

ఆ షో గురించి మాట్లాడటానికి అతనికి ఒక తోడు దొరికింది. మా చొక్కాలకి కాజాలు, అంటే గుండీలు దూర్చే కన్నాలు, చేత్తో కుట్టిచ్చే ఆవిడ. రెండు వీధుల అవతల చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఉంటుంది. ఒకప్పుడు పెళ్ళయింది. మొగుడు పని మీద ఊరెళ్ళొస్తానని బ్యాగు పట్టుకుని వెళ్ళాడు, ఏడాది తిరిగాక విడాకుల కాగితం పోస్టులో వచ్చింది. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, గుండీ తెగిందన్నంత మామూలుగా. మధ్యాహ్నం వచ్చి కుట్టినవి ఇచ్చి, కుట్టాల్సినవి మూటగట్టుకుని వెళ్ళేది. అదీ సగం సగమే. ఇచ్చిన మూటలో సగం ఇవాళ తెస్తే మిగతా సగం రేపు తెచ్చేది.

"అన్నీ ఒకేసారి తేవచ్చు కదమ్మా," అని నేను సణిగితే, "వేళ్ళు నొప్పి అక్కా," అనేది.

వచ్చినప్పుడల్లా కౌంటరు అవతల నిలబడి ఆవిడ, బల్ల ఇవతల నిలబడి ఇతను, ముందురోజు షో మీద వాదన.

"ఆ పొడుగు జడ అమ్మాయిని ఎందుకు పంపేశాడంటారు?" అని ఒకరోజు ఆవిడ అడిగింది.

"కావాలని పంపలేదండీ," అన్నాడు మావాడు. "అతని కోటు చూశారా? చంక దగ్గర పట్టేసింది. ఆ అమ్మాయి కుర్చీ ఏమో చివర్న ఉంది. చెయ్యి అంతదూరం చాపితే కుట్టు ఊడుతుంది. అందుకని దగ్గరున్నది లాగేశాడు."

నేను నవ్వాపుకోలేక వేలాడుతున్న చొక్కాల వెనక్కి తల తిప్పుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మనసున్నవాడు కుట్టు గురించి ఆలోచించడు," అంది. మూట ముడి బిగిస్తూ, "అయినా అన్ని కుర్చీలున్నాయి. ఎవరో లాగేదాకా వాళ్ళంతా అలా నిలబడటమెందుకు? వాళ్ళే లాక్కుని కూర్చోవచ్చుగా," అంది.

"అలా కూర్చుంటే షో ఎలా నడుస్తుందండీ?"

"నడవకపోతే మానె."

వీళ్ళిద్దరూ మాట్లాడుకున్నదంతా ఇంతే. మీ సంగతేమిటని ఆవిడ అడగదు, మీరెలా ఉన్నారని ఇతను అడగడు. పెట్టె పట్టుకుని వెళ్ళిపోయే అమ్మాయిల మాట వచ్చినప్పుడు మాత్రం ఆవిడ గొంతు కొంచెం తగ్గేది. మావాడు అది విని గుడ్డ మీద గీస్తున్న గీత ఆపేసేవాడు.

ఈలోగా షాపులో వింతలు మొదలయ్యాయి. ఒక గుమాస్తాగారు కొత్త చొక్కా తెచ్చి కౌంటరు మీద పడేశాడు. "ఇన్ని గుండీలేంటమ్మా? పెట్టుకునేసరికి బస్సు వెళ్ళిపోతోంది." విప్పి చూశాను. ముందువైపు ఏడుండాల్సిన చోట ఎనిమిది. వద్దన్న జేబుకి మూత, మూతకి ఒక గుండీ. మోచేతి దగ్గర ఇంకొకటి, అదెందుకో దేవుడికే తెలియాలి. కాజా ఎక్కడ రావాలో సుద్దతో గుర్తు పెట్టేది కటింగ్ మాస్టరే. నేను మరిది వైపు చూశాను. అతను బల్ల అంచుకి సుద్దముక్క అరగదీస్తున్నాడు.

"ఇదేమైనా కొత్త ఫ్యాషనా?" అన్నాను గుమాస్తాగారు వెళ్ళాక.

"అవును వదినా. బయట ఇప్పుడంతా ఇదే."

"ఏ బయట?"

అతను కత్తెర అందుకుని గుడ్డ మీదికి వంగాడు. అప్పుడర్థమైంది నాకు. గుండీలు పెరిగితే కాజాలు పెరుగుతాయి, కాజాలు పెరిగితే ఆవిడ ఇంకోసారి రావాలి. ఈ వయసులో మా మరిది ప్రేమలేఖలు గిరాకీల చొక్కాల మీద రాస్తున్నాడు. తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. మా ఆయనకి మాత్రం చెప్పలేదు.

"అడగందే అమ్మైనా పెట్టదు," అన్నాను షట్టరు దించుతుంటే. "ఆవిడని అడుగు."

"కాదంటే?"

"అంటే అంటుంది. ఏం పోయింది?"

"కాదంటే ఇక షాపుకి రాదు వదినా. ఇప్పుడు కనీసం వస్తోంది."

నేను షట్టరుకి తాళం వేశాను.

మా ఆయనకి ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఒకటి కనపడుతూనే ఉంది. బట్టలు చెప్పిన రోజుకి అందడం లేదు. ఇటు ఇతను గుండీలు పెంచుతున్నాడు, అటు ఆవిడ సగం సగం తెస్తోంది, మధ్యలో గిరాకీలు నా ప్రాణం తీస్తున్నారు. మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు భోజనాల దగ్గర, "కాజాల మిషను చెప్పాను. శనివారం వస్తుంది. ఇక ఆవిడని ఇబ్బంది పెట్టక్కర్లేదు," అన్నాడు. కిటికీ దగ్గర మరిది నమలడం ఆపేశాడు.

శుక్రవారం షో ఆఖరి రోజు. బ్రహ్మచారి చివరి కుర్చీ లాగాడు, అమ్మాయి కూర్చుంది, పైనుంచి పూలు కురిశాయి, పేర్లు పడ్డాయి. మావాడు టీవీ ఆపకుండా దాని ముందే నిలబడి సబ్బు ప్రకటన చూస్తున్నాడు. రేపట్నుంచి మాట్లాడుకోడానికి షో లేదు, కుట్టడానికి కాజాలు లేవు. తన గుండీలే తన కొంప ముంచాయని అతనికి తెలుసు. 

శనివారం పొద్దున మిషను వచ్చింది. మా ఆయన దాని ముందు స్టూలు వేసుకుని పాత గుడ్డ మీద టకటకా కాజాలు కొట్టి చూస్తున్నాడు. మరిది ఒక్క చొక్కా కత్తిరించలేదు. బల్ల తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. గిరాకీల కోసం ఉన్న ఒకే ఒక్క కుర్చీని తలుపు దగ్గర పెట్టాడు, బల్ల దగ్గర పెట్టాడు, మళ్ళీ తలుపు దగ్గరికి మార్చాడు. ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. షోలో చూసింది తప్ప ఇంకో దారి అతనికి ఎవరు నేర్పారు కనక?

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ఈసారి మూట మొత్తం తెచ్చింది, మిషను సంగతి చెవిన పడ్డట్టుంది. కౌంటరు మీద పెట్టి, మిషను వైపు చూసింది. మా మరిది కుర్చీ వీపు పట్టుకున్నాడు. వెనక్కి లాగాలి, అంతే. కుర్చీ మాత్రం కదల్లేదు. ఆవిడ రెండడుగులు వేసి, అతని చేతుల్లోంచి కుర్చీ తనే లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆవిడ మా షాపులో కూర్చోవడం అదే మొదలు.

"ఎనిమిదో గుండీ ఎందుకో నాకు మొదటి చొక్కాకే తెలిసింది," అంది. "ఎప్పుడు అడుగుతారా అని చూశాను. నా వేళ్ళకి ఎప్పుడూ ఏ నొప్పీ లేదు."

టకటక ఆగింది. మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నోరు తెరవద్దని సైగ చేశాను.

"అడగండి మరి," అందావిడ. "ముందు మీరూ కూర్చోండి. నిలబడి ఉన్న మనిషిని చూస్తే ఎప్పుడు వెళ్ళిపోతాడో అనిపిస్తుంది నాకు."

మావాడు చుట్టూ చూశాడు. నేను లేచి నా స్టూలు ఇచ్చేలోపే, "కుర్చీ తెస్తాను," అని గుమ్మం దాటేశాడు.

నాకు చేతులు కడుక్కొస్తానన్న రోజు గుర్తొచ్చింది. పక్కనే ఫోటో స్టూడియో, దాని పక్కన మందుల షాపు. కుర్చీ తేవడానికి ఎంతసేపు కావాలి? ఆవిడ తలుపువైపు చూడలేదు. తెచ్చిన మూట ముడి విప్పింది, మళ్ళీ కట్టింది. మా ఆయన లేచి గుమ్మందాకా వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి, వచ్చి కూర్చున్నాడు.

"వస్తాడమ్మా," అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

"ఎదురుచూడటం నాకు అలవాటే అక్కా," అంది. కాసేపటికి లేచి, కుర్చీని మొదట ఎక్కడుందో అక్కడే సర్ది, కొంగు దులుపుకుంది. ఆ క్షణంలో మా మరిది దొరికితే చీల్చేసేదాన్ని.

గుమ్మానికి ఏదో ధడాలున తగిలింది. స్టూడియోలో జనం ఫోటోలు దిగే పెద్ద చెక్క కుర్చీ, దాని కింద తలకాయ మా మరిదిది. గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి, మోకాలు కొట్టుకుని, ఎలాగో లోపలికొచ్చాడు.

"ఎవరో ముసలాయన్ని ఇందులో కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతున్నారండీ," అన్నాడు రొప్పుతూ. "పిల్లలు ఎంతకీ కుదురుగా నిలబడరు. ఆయన లేచేదాకా ఆగాల్సొచ్చింది. వేరే కుర్చీ అడగొచ్చని తోచలేదు."

అతను కుర్చీ దింపుతుంటే అందరికీ కనపడింది. చంక దగ్గర్నుంచి నడుం దాకా చొక్కా కుట్టు విడిపోయి, లోపలి బనీను బయటికొచ్చింది.

ఆవిడ మళ్ళీ తన కుర్చీ లాక్కుని కూర్చుంది. "కుట్టు ఊడింది," అంది.

"ఊడనివ్వండి," అన్నాడు మా మరిది, ఆవిడకి ఎదురుగా కూర్చుంటూ.