వాటర్ బస్సులో పెద్దమ్మ

అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ చూడటానికి వచ్చిన మా రూమ్మేట్ వాళ్ళ పెద్దమ్మను ఊరి కాలువల్లో తిరిగే వాటర్ బస్సు ఎక్కించాం. మనిషి కనిపిస్తే పలకరించకుండా ఉండలేదావిడ. గట్టు మీది ప్రతి ఇంటికీ చెయ్యి ఊపుతుంటే మేమిద్దరం సిగ్గుతో ఫోన్లలో తలలు దూర్చాం.

ఒక ఇంటి ముందు ముసలాయనొకడు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన ఎవరికీ బదులివ్వడని పడవ నడిపే అమ్మాయి నవ్వుతూ చెప్పింది. పెద్దమ్మ లేచి నిలబడి, "బాగున్నారా అన్నయ్యగారూ? భోంచేశారా?" అని కేకేసింది.

"పెద్దమ్మా, ఆయనకు తెలుగు రాదు!" అన్నాడు రూమ్మేట్.

"పలకరింపు కూడా అర్థం కాదట్రా?"

ముసలాయన కదల్లేదు. ఆవిడ చిన్నబుచ్చుకుని కూర్చుంది.

గంట తర్వాత అదే దారిన తిరిగొచ్చాం. ఆయన భార్యను కూడా పిలుచుకొచ్చి గట్టున నిలబడ్డాడు. ఈసారి ముందుగా తనే చెయ్యి ఊపాడు.

పడవంతా ఊగేలా లేచింది పెద్దమ్మ. "వదినగారూ, బాగున్నారా?"